లక్క సీలు వేసిన చుక్కద్దం

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క తుపాకీ ఉండేది. పులిని చూసి పరిగెత్తిన వేటగాడెవడో వదిలేసి పోయినది. అడవి పంచాయతీ దాన్ని ఎలుగుబంటి బుచ్చిలింగానికిచ్చి కాపలాదారుగా వేసింది.

"నన్నే ఎందుకు వేశారంటారా? తుపాకీ ఆనించుకునే భుజాలు నాకే ఉన్నాయి. బుర్ర సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అని నవ్వేవాడు బుచ్చిలింగం.

కాపలా మాటెలా ఉన్నా అతని అసలు పని గుమ్మడికాయ పందెం. ఆ అడవికీ పొరుగడవికీ మధ్య ఒక వాగుంది. వేసవికి అందులో ఒక్క మడుగే మిగులుతుంది. అది ఎవరిదో పందెంలో తేలాలి. వాగు నడుమ ఇసుకతిన్నె మీద గుంజ పాతి, దాని మీద గుమ్మడికాయ పెడతారు. ఈ గట్టు మీంచి బుచ్చిలింగం, ఆ గట్టు మీంచి వాళ్ల కాపలాదారు దుమ్ములగొండి ఈరన్న, వంతులేసుకుని మూడేసి గుళ్లు కాలుస్తారు. కాయ ఎవరి గుండుకి పగిలితే ఆ వేసవి నీళ్లు వాళ్లవి. ఒకడు కాల్చేటప్పుడు ఎదుటి గట్టువాళ్లు వంగి కూర్చోవడం మర్యాద.

ఇన్నేళ్లూ కాయ బుచ్చిలింగమే పగలగొట్టాడు. ఈ ఏడు కళ్లు మసకేశాయి. తుపాకీ కొసన గురి చూసుకునే మేకు కనిపిస్తే కాయ కనిపించదు, కాయ కనిపిస్తే మేకు కనిపించదు. మొన్నామధ్య తేనెపట్టు అనుకుని పంచాయతీ ప్రెసిడెంటు కోతి గవరయ్య వీపు నాకాడు.

"తియ్యగా లేకపోయేసరికి అనుమానం వచ్చిందండీ" అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

జింక నూకాలుకి మాత్రం నవ్వు రాలేదు. "బావా, మడుగు పోతే నీళ్లకి కొండ దాటి పోవాలి. నేను పోగలను. నా కూన ఆ ఎండలో కొండెక్కలేదు" అంది.

ఆ మాట బుచ్చిలింగానికి లోపల గుచ్చుకుంది. నేరుగా పంచాయతీకి పోయి చుక్కద్దం కావాలన్నాడు. అంటే తుపాకీ మీద బిగించే చిన్న అద్దం. పట్నంలో రెడ్ డాట్ సైటంటారు. చూస్తే లోపల ఎర్రచుక్క వెలుగుతుంది. చుక్క దేని మీదుంటే గుండు దానికి తగలాలి. ముసలి కళ్లకి దేవుడిచ్చిన వరం.

మంచి అద్దానికి ఒక చెట్టెడు తేనె అడుగుతున్నారు. నక్క మల్లినాథం ఒక్క పట్టుకే ఇస్తానంటూ దిగాడు.

"అంత చవకేవిటయ్యా?" అన్నాడు గవరయ్య.

"చుక్క ఎరుపే కదా ప్రెసిడెంటుగారూ! ఖరీదైన దాంట్లో మాత్రం పచ్చగా వెలుగుతుందా?"

సభ్యులందరికీ ఈ వాదన నచ్చింది. పరీక్షకు కమిటీ వేశారు. వాడేవాడు పరీక్షలో కూర్చుంటే పక్షపాతం వస్తుందని బుచ్చిలింగాన్ని బయట నిలబెట్టారు. నెమలి అద్దంలో తన ముఖం చూసుకుని బాగుందంది. గేదె దాన్ని బురదలో ముంచి తీసింది. చుక్క వెలుగుతూనే ఉంది. గవరయ్య చెట్టు మీంచి పడేశాడు. అయినా వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఓసారి కాల్చి చూస్తే..." అన్నాడు బుచ్చిలింగం గుమ్మంలోంచి. "చుక్క వెలగడం వేరు, తుపాకీ తన్నినా అది కదలకపోవడం వేరండీ. చవకవాటిలోనూ గట్టివి ఉంటాయి. అది గట్టిదో కాదో కాలిస్తే తెలుస్తుంది."

"కొనకముందు కాలిస్తే వాడిన సరుకైపోతుంది. కొన్నాక కాలిస్తే ఇంక పరీక్షెందుకు?" అన్నాడు గవరయ్య. "అయినా నీ చూపుతో నువ్వు పరీక్ష చేస్తావా? నా వీపునడుగు, చెబుతుంది!"



అద్దం కొని తుపాకీకి బిగించారు. ఆ తర్వాత పంచాయతీ ఆస్తి కాబట్టి ఎవరూ కెలక్కుండా దాని మరల మీద లక్క పోసి సీలు వేశారు. చుక్కని గురికి సరిచేసేవి ఆ మరలే.

"సీలు తీయండి మహాప్రభో, చుక్కని సరిచేసుకోవాలి!"

"సీలు తీయాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే పందెం అయిపోవాలి. అందరం పందెం పందిరి పనుల్లో ఉన్నాం."

పందెం రోజున రెండు గట్లూ కిటకిటలాడాయి. మల్లినాథం ఇసుకతిన్నె మీదే ఎడమ కొసన గొడుగు పాతుకుని, పక్కన తేనెకుండ పెట్టుకుని కూర్చున్నాడు. సరుకు మీద అంత ధీమా.

బుచ్చిలింగం గురిచూశాడు. చుక్క కాయ నడిబొడ్డున కూర్చుంది. కాల్చాడు. కాయ కదల్లేదు. మల్లినాథం గొడుగు ఎగిరిపోయింది.

"గాలండీ, గాలి!" అని కేకేస్తూ మల్లినాథం కుండ చంకనెట్టుకుని కుడి కొసకి పరిగెత్తాడు.

ఇవతలి గట్టంతా వంగి కూర్చుంది. ఈరన్న కాల్చాడు. కుడి కొసన మల్లినాథం కుండ పగిలి ఒళ్లంతా తేనె కారింది.

బుచ్చిలింగం ఈసారి తెలివిగా చుక్కని కాయకి బాగా కుడివైపు పెట్టి కాల్చాడు. గుండు ఆకాశంలోకి పోయింది. తుపాకీ తన్నిన ప్రతిసారీ చుక్క ఇల్లు మారుస్తోంది. ఈరన్న రెండో గుండు సొంత గట్టు ముందున్న నీళ్లలోనే పడింది.

మూడో గుండుకి బుచ్చిలింగం తుపాకీ ఎత్తేసరికి మల్లినాథం అటు చూశాడు, ఇటు చూశాడు. ఒక్క దూకు దూకి గుంజెక్కి గుమ్మడికాయని కావలించుకున్నాడు.

"అక్కడేం చేస్తున్నావురా?" అరిచాడు గవరయ్య.

"గుండు రాని చోటు ఇదొక్కటే ప్రెసిడెంటుగారూ!"

రెండు గట్లూ గొల్లుమన్నాయి. బుచ్చిలింగం తుపాకీ దించేసి ఎదుటి గట్టుకి కేకేశాడు. "ఈరన్నా, నీదీ చుక్కద్దమేనా?"

"ఈ నక్క దగ్గర కొన్నదే అన్నా!"

"సీలు వేశారా?"

"మా వాళ్లు రెండు వేశారు!"

మిగిలిన గుళ్లు కాల్చడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. కాలిస్తే ఎవడి గట్టు మీద ఎవడు పోతాడో తెలియదు. ఇద్దరూ వాగులోకి దిగి మాట్లాడుకున్నారు. పొద్దున నీళ్లు వీళ్లవి, సాయంత్రం నీళ్లు వాళ్లవి. పెద్దలకి ఒప్పుకోక తప్పలేదు. నూకాలు కూన అప్పుడే మడుగులో మూతి పెట్టేసింది.

మర్నాడు గవరయ్య కమిటీ కూర్చుని తీర్మానం రాసింది: చుక్కద్దం పనితీరు అత్యద్భుతం, వచ్చే ఏటికి ఇలాంటివే మరికొన్ని కొనవలెను. మల్లినాథం ఒళ్లంతా తేనెతో, చుట్టూ తేనెటీగలతో వచ్చి ఆర్డరు పుచ్చుకున్నాడు.

నీతి: రెండు గట్ల మీదా నాసిరకం సరుకే ఉంటే, దాన్ని శాంతి అంటారు.