గుండె గుర్తు పెట్టిన నాయకుడికి జేజేలు

నాయకులు సోషల్ మీడియాలో "కాళ్లు విరగ్గొట్టండి", "కళ్లు పీకండి" లాంటి మాటలకు వత్తాసు పలుకుతున్నారని కొందరు మేధావులు తెగ బాధపడిపోతున్నారు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ప్రజాస్వామ్యానికి ఇంతకంటే మేలు ఇంకేం కావాలి?

వెనకటికి నాయకుడు రోడ్డు వేయిస్తానంటే అయిదేళ్లు ఎదురుచూడాలి. మళ్లీ ఎన్నికలొస్తే అదే రోడ్డు, అదే మాట. ఇప్పుడలా కాదు. సాయంత్రం ఫోన్‌లో మెచ్చుకున్న పని పొద్దున పదింటికల్లా పూర్తవుతోంది. ఇంత చురుకైన పాలన మన తాతలు చూశారా?

నమ్మకపోతే మా బావమరిది సంగతి వినండి. వాడికి మార్కెట్ రోడ్డులో కళ్లజోళ్ల షాపుంది. షాపు ముందు పెద్ద గుంత ఉంది. అందులో పడ్డవాళ్ల కళ్లజోళ్లు పగిలితే లాభం వీడికే. అయినా వీడికి ఊరి బాధ పట్టుకుంది. గుంతను ఫొటో తీసి, "మూడుసార్లు ప్రారంభోత్సవం జరిగిన రోడ్డు ఇదేనండీ" అని పోస్టు పెట్టాడు. దాని కింద ఒక అభిమాని, "వీడి షాపు పగలగొట్టి కళ్లు పీకేస్తే గుంతలు కనబడవు" అని రాశాడు.

ఆ కామెంటుకు మా ఊరి నాయకుడు స్వయంగా ఎర్రటి గుండె గుర్తు పెట్టాడు.

ఎంత దయో చూడండి! గుంత గురించి మావాడు మూడేళ్లుగా పెట్టుకున్న అర్జీల్లో ఒక్కటి చదవడానికి కూడా ఆయనకు తీరిక దొరకలేదు. ఈ ఒక్క వాక్యానికి మాత్రం తీరిక చేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆరుగురు వచ్చి షాపు అద్దాలన్నీ పగలగొట్టి వెళ్లారు. కళ్ల జోలికి పోలేదు. గాజుముక్క ఎగిరి మావాడి కనుబొమ్మ మీద గుచ్చుకుంటే నాలుగు కుట్లు పడ్డాయి, అంతే.

మా పక్కింటి లెక్కల మాస్టారు చీమకు కూడా అపకారం తలపెట్టని మనిషి. ఆయన దగ్గర ఈ మాట ఎత్తాను.

"ఏదో మాటవరసకు మెచ్చుకుని ఉంటాడండీ. నిజంగా చేస్తారా ఏమిటి?" అన్నారు.

"చేశారు కదండీ" అన్నాను.

"అయితే మాట మీద నిలబడే మనిషన్నమాట" అన్నారు. ఆ వారమే జరిగిన ఎన్నికల్లో ఓటూ అలాగే వేశారు.

పోటీ చేసిన రెండో ఆయన పాతకాలం మనిషి. మురుగు కాలువల మీద పోస్టు పెట్టాడు. పదకొండు లైకులు వచ్చాయి, అందులో నాలుగు ఆయన ఇంట్లోవాళ్లవే. డిపాజిట్ పోయింది. మన నాయకుడికి మెజారిటీ రెట్టింపయింది.

ఆ కామెంటుకు నాలుగు వేల పైచిలుకు గుండె గుర్తులు పడ్డాయి. మావాడు ఫిర్యాదు చేస్తే, అవన్నీ ఎవరివో చూస్తూ కూర్చోవడం మా వల్ల కాదన్నారు పోలీసులు. మావాడు కూర్చున్నాడు. అద్దాల్లేని షాపులో బేరాలు ఎలాగూ లేవు కనుక, వారం రోజులపాటు ఒక్కొక్క పేరే చదివాడట.

ఆదివారం మా ఇంటికొచ్చాడు. వాళ్లక్క కాఫీ తెచ్చిపెట్టింది. వాడు ఫోన్ నా ముందు పెట్టి ఒక పేరు మీద వేలుంచాడు.

ఆ పేరు నాదే. నాయకుడు పెట్టాడు, ఊరంతా పెడుతోంది, మనమొక్కళ్లం పెట్టకపోతే బాగుండదని పెట్టాను. అది ఎవరి షాపో తెలిసే పెట్టాను. తెలియదని బొంకుదామంటే వాళ్లక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఆయనకు ఓట్లొచ్చాయి బావా. నీకేమొచ్చింది?" అని అడిగాడు. గొంతు కూడా పెంచలేదు.

పాతికేళ్లుగా ప్రతి విషయం మీదా పత్రికల్లో రాసి పారేసినవాణ్ని, కాఫీ చల్లారిపోతోంది తాగమన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. వాడు కాఫీ ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. వాళ్లక్క ఆ కప్పు తీసుకెళ్లి సింకులో పారబోసింది. ఇవాళ్టికి పది రోజులు. ఇంకా నాతో మాట్లాడలేదు.