గెలుపు వకీలుకు పడిన శిక్ష

మా పట్టణ న్యాయవాదుల సంఘం, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మొట్టమొదటిసారిగా, ఒక న్యాయవాది మీద క్రమశిక్షణ చర్య తీసుకున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. న్యాయవాదులెవరూ తప్పు చేయకపోవడం వల్ల ఇన్నాళ్లూ ఆ అవకాశం దొరకలేదు. చేశారని చెప్పినవారు లేకపోలేదు గాని, వారందరూ రైతులు కావడం చేత వారి మాటల్లో చట్టపరమైన స్పష్టత లోపించింది.

ఈసారి ఫిర్యాదు చేసినది భర్త పోయాక తానే నాగలి పట్టిన ఒక స్త్రీ. కాలువ పక్క పొలం మీద ఆమెకూ మరిదికీ తగాదా వచ్చింది. ఆమె, అందరూ గెలుపు వకీలు అని పిలుచుకునే న్యాయవాది దగ్గరకు వెళ్లింది. ఆయన కాగితాలు తిరగేసి, కళ్లజోడు తీసి తుడిచి, "లాభం లేదక్కా, ఓడిపోతాం. తీర్పు రాకముందే వచ్చిన ధరకు వదిలించుకో," అని సొంత తమ్ముడిలా సలహా చెప్పాడు. కొనేవాణ్ని కూడా ఆయనే వెతికిపెట్టాడు. ఆ కొన్నవాడు ఆయన బావమరిది కావడమూ, పొలం చేతులు మారాక అదే కేసును అదే వకీలు అవలీలగా గెలవడమూ కేవలం కాకతాళీయమని సంఘం అభిప్రాయం. బావమరిది దయగలవాడు. ఆమె ఖాళీగా ఉండి బాధపడకూడదని, ఆ పొలంలోనే కూలికి రమ్మని కబురు పంపాడు.

"నాకు ఓడిపోయే కేసు వాళ్ల బావమరిదికి ఎట్లా గెలిచింది?" అని ఆమె అడిగింది. ఈ ప్రశ్నలో చట్టపరమైన స్పష్టత ఉన్నట్టు తోచి సంఘం కలవరపడింది. విచారణ జరపక తప్పలేదు.

సమావేశపు గదిలో పొడవాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డ మీది సిరా మరకలను కప్పుతూ నీళ్ల గ్లాసులు. అధ్యక్షుల కుర్చీ వీపున తెల్ల తువ్వాలు. ఫిర్యాదుదారుకు గుమ్మం దగ్గర స్టూలు వేశారు. తలుపు తీసినప్పుడల్లా ఆమె లేచి స్టూలు జరుపుకోవలసి వచ్చేది. న్యాయం ముందు అందరూ లేచి నిలబడాలన్న నియమం ఆ విధంగా అమలయింది.

మన వృత్తిలో ఒక ఉత్తమ సంప్రదాయం ఉంది. విచారించేవారికి ఆ వ్యవహారంలో ఏ కాస్త స్వప్రయోజనం ఉన్నా, ఆ మాట చెప్పి తప్పుకోవాలి. అధ్యక్షులు లేచి గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! ధర్మమనేది మనం ఆచరించవలసినదే కాదు, ఆచరిస్తున్నట్టు నలుగురికీ కనిపించవలసినది కూడా. ఆ పొలానికి తూర్పున ఉన్న భూమి చెక్క మా కోడలి పేరిట ఉంది. అదీ ఒక కక్షిదారు నా సలహా మీద సంతోషంగా అమ్ముకున్నదే. కనుక నేను తప్పుకుంటున్నాను."

చప్పట్లు మోగాయి. ఆ ఔన్నత్యానికి కళ్లు తుడుచుకుంటూ ఉపాధ్యక్షులు, పడమటి చెక్క తమ అత్తగారిదని ప్రకటించి తప్పుకున్నారు. కార్యదర్శి తమ వంటమనిషికి వ్యవసాయమంటే ప్రాణమని వెల్లడించి తప్పుకున్నారు. కోశాధికారికి ఏ భూమి ఎవరి పేరిట పెట్టారో గుర్తురాలేదు. ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని మరీ తప్పుకున్నారు. మిగిలిన సభ్యులు ఒకరి కుర్చీ ఒకరికి తగలకుండా, క్రమశిక్షణతో, గుమ్మం దాటారు. ఆమె స్టూలు జరుపుతూనే ఉంది. ఇంత నిజాయితీని ఒకే గదిలో ఒకే పూట చూసిన సంఘం మరొకటి ఉండదు.

ఇప్పుడు పొలాలతో ఏ సంబంధమూ లేని న్యాయవాది కావాలి. వరండాలో వాకబు చేయగా ఒక్కరే ముందుకొచ్చారు.

"నా పేరిట జానెడు నేల కూడా లేదు," అన్నాడు గెలుపు వకీలు వినయంగా.

నిజమే. బావమరిది సంగతి విచారణలో తేలవలసిన అంశం గనుక, తేలకముందే దాన్ని పరిగణించడం అన్యాయమని సంఘం ఏకగ్రీవంగా భావించింది. ఆయన వెళ్లి అధ్యక్షుల కుర్చీలో తువ్వాలుకు ఆనుకుని కూర్చున్నాడు.

"నిందితుడు వచ్చాడా?" అని గంభీరంగా అడిగాడు. కుర్చీ దిగి బల్లకు ఇవతల నిలబడి, "వచ్చానండీ," అని మళ్లీ ఎక్కాడు.

"కొనడానికి నీ బావమరిది తప్ప మనిషే దొరకలేదా?" అని గద్దించాడు.

"తొందరలో ఎవరూ తోచలేదండీ," అని ఇవతలికి వచ్చి తలవంచుకున్నాడు.

"అయ్యా, నన్ను కూడా ఏమైనా అడుగుతారా? మీలో మీరే మాట్లాడేసుకుంటారా?" అంది ఆమె.

"సభామర్యాద, అక్కా!"

"మర్యాదకేం గాని, వానలు దగ్గరపడ్డాయి. విత్తనం ఎక్కడ చల్లమంటావు?"

ఈ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని ఆయన తోసిపుచ్చాడు.

తీర్పు చరిత్రాత్మకం. గెలుపు వకీలు తనను తాను దోషిగా నిర్ధారించుకున్నాడు. కోర్టు సెలవులు మొదలైన రోజు నుంచి అవి ముగిసే రోజు వరకు నల్లకోటు వేసుకోరాదని శిక్ష విధించుకున్నాడు. శిక్ష మరీ కఠినంగా ఉందని, తగ్గించమని నిందితుడు ప్రాధేయపడ్డాడు. అధ్యక్షస్థానం చలించలేదు. తన్ను తాను తెలుసుకోవడమే జ్ఞానమని చదువుకున్నాము. తెలుసుకుని, శిక్షించుకుని, ఆ శిక్షను కూడా క్షేమంగా దాటగలగడం ఏ స్థాయి జ్ఞానమో పెద్దలే చెప్పాలి. తప్పుకున్నవారంతా తిరిగి లోపలికి వచ్చి ఆయనకు సన్మానపత్రం సమర్పించారు.

"మరి నా పొలం?" అంది ఆమె.

"మాకు న్యాయవాదుల మీదే అధికారం. పొలం ఏ తప్పూ చేయలేదు, దాని మీద మేము చర్య తీసుకోలేము. మంచి వకీలును చూసుకుని దావా వేసుకో," అన్నారు కార్యదర్శి.

ఆమె తమ్ముణ్ని వెంటబెట్టుకుని మంచి వకీలు కోసం బయలుదేరింది. కూరగాయల బజారు వెనక, మేడ మీద, ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. కక్షిదారుల భూమి కొన్నవాడు కాదు, సంఘం విందులకు వచ్చేవాడు కాదు, కనుక తోటివారికి ఎవరికీ గుర్తుండేవాడు కాదు. ఆయనే లేచి కుర్చీ దులిపి ఆమెకు వేశాడు. చివరిదాకా విన్నాడు.

"నిన్ను మోసం చేశారమ్మా. పోరాడదాం. గెలుస్తామని మాత్రం మాట ఇవ్వలేను, మోసం రుజువు చేయడం కష్టం," అన్నాడు.

మెట్లు దిగగానే తమ్ముడు తల కొట్టుకున్నాడు. "గెలుస్తానని చెప్పలేనివాడు వకీలేంటక్కా? ఆ గదిలో మనం తప్ప ఇంకొక మనిషున్నాడా? నిజంగా సత్తా ఉంటే ఈపాటికి నాలుగు పొలాలు వెనకేసుకునేవాడు!"

"మనిషి మంచివాడురా."

"మంచివాణ్ని మనింటికి భోజనానికి పిలుద్దాం. పొలానికి మాత్రం గెలిచేవాడు కావాలి."

ఆమె కాసేపు ఆ మెట్ల వైపే చూసింది. తర్వాత పైట భుజం మీదికి లాక్కుని నడిచింది.

గెలుపు వకీలు ఇంటి ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. శిక్ష వార్త పాకినప్పటి నుంచి రద్దీ పెరిగింది. తన మీద తానే కేసు నడిపి, ఇటూ అటూ కూడా తానే గెలిచినవాడు లోకంలో ఇంకెవరున్నారు? ఆమె చివర నిలబడింది. ఎవరి మీద దావా అని ముందున్నాయన అడిగితే, "ఈయన బావమరిది మీదే," అంది. ఆయన ఆశ్చర్యపోలేదు. "మాదీ అంతే," అన్నాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కాస్త ముందుకు జరిగి నవ్వండి, వెనకవాళ్లు తోస్తున్నారు.