కుర్చీల వలస

"మన తాతలు పచ్చిక కోసం కొండలు మారారు. మనం కుర్చీలు మారలేమా?" అని ఒక కిర్గిజ్ పట్టణంలో ఇళ్లకు గొట్టాల ద్వారా వేడి సరఫరా చేసే కంపెనీ డైరెక్టర్ ఎసెన్‌గుల్ గారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు. ఇకనుంచి అందరూ అన్ని విభాగాల్లోనూ పని చెయ్యాలి. ప్రగతి అంటే అదీ!

ఫిర్యాదుల బల్ల దగ్గరుండే ఐచురెక్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆమె ఇంట్లోనే గదిని వెచ్చబరచాల్సిన రేడియేటర్ మంచుగడ్డలా పడుంది. అత్తగారు శాలువాల్లో ముడుచుకుని ఒకటే దగ్గు. ఐచురెక్ తన ఫిర్యాదు తనే రాసి, తనే తీసుకుని, మరమ్మతుల విభాగానికి పంపింది. ఉలుకూ పలుకూ లేదు.

అయినా ఆమె మర్యాద తెలిసిన మనిషి. ఫిర్యాదుతో వచ్చినవాళ్లకి గిన్నె నిండా టీ పోసిచ్చేది. కిర్గిజ్ ఇళ్లలో సగం గిన్నె పోస్తే ఇంకాసేపు కూర్చోమని, అంచుదాకా పోస్తే ఇక వెళ్లిరమ్మని అర్థం. జనం తాగి, లేచి వెళ్లిపోయేవారు.

ఐచురెక్ మొదట మరమ్మతుల విభాగానికి మారింది.

"గొట్టాల్లేవు చెల్లెమ్మా, కొనుగోళ్ల వాళ్లని అడుగు," అన్నాడు మేస్త్రీ.

కొనుగోళ్లకు మారింది.

"ఫిర్యాదుల బల్ల గట్టిగా అడిగితే కదా కొనేది!" అన్నాడు గుమాస్తా.

"మొన్నటిదాకా అక్కడ కూర్చుంది నేనేనయ్యా!"

"మరి అప్పుడే అడగాల్సింది."

ఇంట్లో ఈ సంగతి చెబితే అత్తగారు మురిసిపోయింది. "పైకెళ్లు తల్లీ, ఇంకా పైకెళ్లు! నువ్వు డైరెక్టరయ్యేదాకా ఎలాగో దగ్గుతూ బతికుంటాలే," అంటూ, కోడలు పోయాల్సిన టీ తనే సగం గిన్నె పోసిచ్చింది.

చలికాలం నడుమ ఎసెన్‌గుల్ గారు మంత్రిత్వశాఖకు వలసపోయారు. కుర్చీలు మారే వంతులో ఐచురెక్ డైరెక్టరయింది. ఆ గదిలో ఎంత వెచ్చదనమంటే, ముందు కోటు విప్పాల్సి వచ్చింది. తర్వాత తన ఫిర్యాదు మీద సంతకం పెట్టబోయింది.

"అయ్యయ్యో, మేడం!" సహాయకుడు అడ్డుపడ్డాడు. "సొంతింటికి గొట్టం వేసుకుంటే జనం ఏమంటారు? ముందు పట్టణమంతటికీ వేయించాలి."

"పట్టణమంతటికీ గొట్టాలున్నాయా?"

"లేవు."

ఐచురెక్ కలం మూసేసింది. తన నిజాయితీకి తనకే కళ్లు చెమర్చాయి.

సాయంత్రం ఇంటికొచ్చి, చలికి కోటు విప్పకుండానే కూర్చుంది. "అత్తయ్యా, మీ ఫిర్యాదు పై స్థాయిలో పరిశీలనలో ఉంది. త్వరలోనే సానుకూలంగా స్పందిస్తాం."

అత్తగారు కాసేపు దగ్గింది. తర్వాత కోడలి గిన్నె అందుకుని టీ పోయసాగింది. సగం దాటింది.

"చాలు అత్తయ్యా," అంది ఐచురెక్.

ముసలావిడ చెయ్యి ఆగలేదు. గిన్నె అంచుదాకా నింపి, రెండు చేతులతో జాగ్రత్తగా కోడలి ముందు పెట్టింది.