గేటు పక్కన నల్లబోర్డు

మనిషికి సొంత విషయం ఎందుకండీ? దాచుకోవడం దొంగల అలవాటు. మా వాషర్‌మెన్‌పేట బడివారు ఆ అలవాటును మా వీధిలో పూర్తిగా మాన్పించారు. వారికి నా నమస్కారం!

మాన్పించింది ఒక నల్లబోర్డు. బడి గేటు బయట, టీ అంగడికి ఎదురుగా కట్టారు. హెడ్మాస్టరు యతిరాజులుగారు రోజూ పొద్దున్నే తన చేతితోనే దాని మీద రాస్తారు. ఎవరికి ఎన్ని మార్కులు, ఎవరి తలలో పేలు, ఎవరికి గజ్జి, ఎవరి తండ్రికి పని లేదు. పేరు, తరగతి, పుట్టిన తేదీ, ఇంటి నంబరుతో సహా! బడి ప్రజలది, ప్రజలకు అన్నీ తెలియాలని ఆయన సిద్ధాంతం.

ఎంత సుఖం! టీ అంగడిలో ఇప్పుడు పేపరు కోసం పోట్లాట లేదు. రిక్షావాడు గజ్జి ఉన్న ఇంటి నంబర్లు చూసుకుని మరీ బండి లాగుతున్నాడు. సంబంధాలు చూసేవాడు ఆడపిల్లల పుట్టిన తేదీలు నోటుబుక్కులో దించుకుపోతున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లకు, కన్నతల్లికి తెలియకముందే, పెళ్ళికొడుకు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు!

మా మనవరాలు మంగళ అయిదో తరగతి, ఈ అరవదేశపు బడిలో తెలుగు సెక్షన్. మొన్న పంపు కింద బిందె పెట్టిందో లేదో, ఎదురింటి చెంగమ్మ అందుకుంది.

"ఏమే మంగళా, తెలుగులో తొమ్మిదంట గదా! నూటికే? మా కోడి నయం గదే, నెలకు పదన్నా పెడతాది!"

వరుసలో ఉన్నవారంతా నవ్వారు. మంగళ నీళ్ళు లేకుండానే వచ్చింది. ఇక బడికి పోనంది. చదువు మీద పిల్లకు ఎంత పట్టుదల వచ్చిందో చూశారా!

"పాఠం ఎవరు చెప్పినారు తాతా? దీపావళి నుంచి మాకు అయ్యవారే లేడే!" అంది.

నేను చదివింది మూడో తరగతి. అయినా బడికి పోయి అడిగాను. అయ్యవారు ఎప్పుడు వస్తారని.

యతిరాజులుగారు గొంతు తగ్గించారు. "అట్లా అడక్కూడదు పెద్దాయనా. స్టాఫు సంగతులు రహస్యం. ఆయన ఎందుకు పోయినాడో, ఎప్పుడొస్తాడో, అది ఒక మనిషి సొంత విషయం గదా? బయట పెడితే ఆయన మర్యాద ఏం గావాలా?"

"పిల్లలు?"

"ఒక్కరూ పాసు కాలేదు గదా! జూన్ నుంచి ఆ సెక్షనే ఎత్తేస్తా ఉండాము. కావాలంటే మార్కులు చూసుకోండి, బోర్డు మీదే ఉండాయి."

ఎంత గొప్ప న్యాయం! పదేళ్ళ పిల్లకు సొంత విషయం ఉండదు. జీతం తీసుకునేవారికే ఉంటుంది. ఈ తేడా మూడో తరగతి దాకా చెప్పరు కాబోలు.

బయటికి వచ్చి, గంట కొట్టే కన్నియప్పన్‌ను చాక్‌పీసు అడిగాను.

"ఎందుకు సామీ?"

"ప్రజలకు అన్నీ తెలియాలంట."

ఇచ్చాడు. ఇచ్చి అటు తిరిగి నిలబడ్డాడు. "నేనేం చూడలే సామీ."

మార్కుల కింద కాస్త చోటుంది. వంకర అక్షరాలతో రాశాను: 'అయిదో తరగతి తెలుగు. పిల్లలు ముప్పై ఇద్దరు. దీపావళి నుంచి అయ్యవారు లేరు.'

టీ అంగడిలో ఒకడు లేచి గట్టిగా చదివాడు. బిందెతో పోతున్న చెంగమ్మ ఆగింది.

"అయ్యో, చెప్పేవాడే లేడా ఆ బిడ్డలకు?" అంది.

యతిరాజులుగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు. "ఏంది పెద్దాయనా ఇది! బడి గుట్టు బజార్లో పెడతారా?" అంటూ తన పైపంచెతోనే తుడిచేశారు.

అయిదేళ్ళుగా చూస్తున్నాను. సాయంత్రం కాకముందే ఆ బోర్డు మీద ఏదైనా తుడవడం అదే మొదలు.

నేను రాసింది మాత్రమే తుడిచారు. దాని పైన, మంగళ తొమ్మిది మార్కులు చెక్కు చెదరలేదు.