స్వచ్ఛమైన గాలి గది

కడుపుతో ఉన్న ఉద్యోగినుల కోసం దేశంలోనే మొట్టమొదటి 'స్వచ్ఛ వాయు విశ్రాంతి గది'ని తన శాఖ ఆఫీసులోనే, ఈ శుక్రవారమే ప్రారంభిస్తానని మంత్రిగారు ప్రకటించారు. పుట్టబోయే బిడ్డల మీద ఇంత ప్రేమున్న మంత్రి ఇంకొకరు పుట్టబోరు.

ఆ ఆఫీసులో కడుపుతో ఉన్నది టైపిస్టు ఒక్కతే. పెళ్లయిన ఎనిమిదేళ్లకు కడుపు పండింది. మూడో నెల. సిగరెట్ పొగ, రంగుల ఘాటు, పురుగుల మందు దరిదాపులకు పోవద్దని, అడక్కుండా మాత్ర కూడా మింగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అప్పట్నుంచి పాపం, తలనొప్పొచ్చినా పంటి బిగువున భరిస్తోంది.

పాత సామాన్ల గది ఖాళీ చేసి గురువారం రంగేశారు. 'ఇక్కడ పొగ తాగరాదు' అన్న బోర్డును పెయింటరు నోట్లో సిగరెట్ పెట్టుకుని ఎంతో శ్రద్ధగా రాశాడు. మంత్రిగారిని దోమ కుట్టకూడదని శుక్రవారం పొద్దున్నే పొగమందు కొట్టించారు. ఆ కంపు తెలియకుండా సెంటు కొట్టించారు. సెంటు బయటికి పోకుండా కిటికీలకు మేకులు కొట్టించారు.

"రామ్మా, వచ్చి మంచమ్మీద కూర్చో. ఫొటోలో కడుపుతో ఉన్న మనిషి కావాలి" అన్నాడు సూపరింటెండెంటు.

"రంగింకా ఆరలేదు సార్. కళ్లు మండిపోతున్నాయి. ఇలాంటివి పీల్చొద్దని డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మలు చెప్పేవన్నీ బోర్డు మీద రాయించాం కదమ్మా! ఇంకా భయమెందుకు?"

"ఆ బోర్డు రంగు కూడా ఘాటుగానే ఉంది సార్."

"ఓ అరగంట ఊపిరి కాస్త పొదుపుగా వాడుకో. మంత్రిగారి మాట కాదంటే రేపట్నుంచి నీ కుర్చీలో ఇంకొకరుంటారు."

ఆమెకు ఏడుపొచ్చింది. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయింది.

మంత్రిగారొచ్చారు. రిబ్బన్ కత్తిరించడానికి కోడల్ని వెంటబెట్టుకొచ్చారు. ఆమె కూడా కడుపుతోనే ఉంది. తలుపు తీశారు. మంత్రిగారు ఒక్కసారి గాలి పీల్చి, దగ్గి, కోడలి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు.

"అమ్మాయిని కార్లో కూర్చోబెట్టండయ్యా! బుద్ధుందా మీకు? కడుపుతో ఉన్న పిల్ల పీల్చే గాలేనా ఇది?"

టైపిస్టుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంతమందిలో ఒక్కడైనా మనిషున్నాడనుకుంది. రుమాలు తీసి, చేతులు జోడించింది.

మంత్రిగారప్పుడు ఆమెను చూశారు. ఆప్యాయంగా నవ్వి, కోడలి చేతిలోని కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నువ్వు ఈ ఆఫీసు పిల్లవే కదమ్మా. కత్తిరించి లోపలికెళ్లి కూర్చో. మేం ఇక్కణ్ణుంచే చప్పట్లు కొడతాం."