మొదటి స్థానం పొందిన వాల్వు

నీటి కొరతను తట్టుకుని నిలిచిన సమాజాలు ఉన్నాయి గానీ, నీటి గురించిన ప్రశ్నల కొరతను తట్టుకోగల సమాజం ఇంతవరకు పుట్టలేదు.

అందుకే, ప్రజాధనంతో జరిగే నీటి పరిపాలన పరిశోధనలో ఏ ప్రశ్న ముందో, ఏది వెనకో తేల్చడానికి ప్రాధాన్యాల నిర్ణయ సంఘం ఏర్పడింది. నేనూ సభ్యుణ్ణే. (నీటి గురించి ఏమీ తెలియనివాడు నిష్పక్షపాతంగా ఉంటాడని ఎంపిక చేశారు.)

పదకొండు సమావేశాల్లో నూట నలభై ప్రశ్నలు పోగయ్యాయి. ప్రజల మాట కూడా వినాలని నాలుగో నిబంధన చెబుతోంది గనుక, పన్నెండో సమావేశానికి ఊళ్లో వాల్వులు తిప్పే మనిషిని పిలిపించాం. మోకాళ్లదాకా తడిసిన ప్యాంటుతో వచ్చాడు. కుర్చీ పాడవుతుందని నిలబడే మాట్లాడాడు. చివరి వీధి మూల వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. రెండేళ్లుగా ఆ వీధికి నీళ్లెక్కడం లేదు. కొత్త వాల్వు స్టోర్లో ఉంది. ఎవరైనా సంతకం పెడితే మధ్యాహ్నానికల్లా బిగించేస్తాడు. ఆ వీధిలోనే వాళ్లక్క ఉంటోంది. మోకాలికి ఆపరేషనైన మనిషి, మూడు వీధుల అవతలనుంచి రోజుకు పన్నెండు బకెట్లు మోస్తోంది.

సంఘం చలించిపోయింది. కారణం ఒకటే, ఫలితం ఒకటే, బాధితులంతా ఒకే వరుసలో ఉన్న ఇంత స్వచ్ఛమైన సమస్య తమ జీవితంలో తగల్లేదని అధ్యక్షులవారు కళ్లజోడు తుడుచుకున్నారు. ప్రాముఖ్యానికి పదికి పది వేశాం. ప్రజా భాగస్వామ్యానికి పదికి పదకొండు (వాల్వులాయన నిలబడి ఉన్నందుకు). ఆఖర్న వచ్చిన ప్రశ్న మొదటి స్థానంలో కూర్చుంది.

ఆయన సంతకం కోసం కాగితం చాచాడు.

“వాల్వు మార్చేస్తే ఇంక మేం పరిశీలించడానికి ఏం మిగుల్తుందండీ?” అంది పద్ధతుల నిపుణురాలు, మృదువుగానే. ప్రాధాన్యం పొందిన సమస్యను అధ్యయనం ముగిసేదాకా ఎవరూ పరిష్కరించరాదని పంతొమ్మిదో నిబంధన. అధ్యయనానికి మూడేళ్లు. స్టోర్లోని వాల్వుకు ఆ పూటే సీలు వేయించారు (దుర్వినియోగం కాకుండా).

“కారణం చెప్పేశాను కదండీ. తుప్పు.”

“నువ్వు చెప్పింది అభిప్రాయం, బాబూ,” అన్నారు అధ్యక్షులవారు. “మూడేళ్ల తర్వాత అదే మాట మేం చెబితే ఫలితం.”

తెలిసినదాన్ని తెలియనట్టు చూడగలగడమే జ్ఞానానికి ఆరంభమని వయసులో ఉండగా చదివి పొంగిపోయినవాణ్ణి నేను. అది చూడ్డానికి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చేతులెత్తమన్నారు. ఎత్తాను. (టీ చల్లారిపోతోంది.)

బాధితుల అంగీకారం తప్పనిసరి కనుక, పత్రం ఇచ్చి నన్ను ఆయన వెంట చివరి వీధికి పంపారు. వాళ్లక్క గుమ్మం దగ్గర బకెట్ దించి, గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకుంటోంది.

“ఇంతకీ నీళ్లొస్తాయా రావా, అది చెప్పరా.”

“రావక్కా. మనకే ఫస్టొచ్చింది.”

ఆమె బకెట్‌ను గోడవారకు జరిపింది. అయితే పక్కవీధి టీచరమ్మ ఎప్పట్నుంచో వాళ్ల కుళాయికి గొట్టం తగిలించుకోమంటోందనీ, మొహమాటం విడిచి ఇక అలాగే చేస్తాననీ అంది. అది కుదరదని నేను వివరించాల్సి వచ్చింది. ఆమె మోత ఇప్పుడు పరిశోధనకు ప్రాతిపదిక. బకెట్లు పన్నెండుకన్నా తగ్గితే మూడేళ్ల లెక్కలూ తారుమారవుతాయి.

“మోయలేక పడిపోతేనో బాబూ?” అంది.

పత్రం తిరగేశాను. వెనకవైపు దానికీ ఒక గడి ఉంది.