గొడుగు వెనక చుట్టాలు

కోతోర్ రేవుపట్నం పాతకోటలోకి కార్లు రావు. అందుకని కూతురి పెళ్ళి కేకును కోటగుమ్మం నుంచి ఇంటిదాకా చేతుల మీదే మోసుకురావాలని త్రిపో ఆ పొద్దున నిర్ణయించుకున్నాడు. ఎండకు క్రీము కారిపోకుండా అతని అక్క లూత్సె పసుపు గొడుగు ఎత్తి పట్టింది.

కేకు పెద్దదే, తినేవాళ్ళే లేరు. గోడ విషయంలో ఒకరితో, పడవ విషయంలో ఇంకొకరితో, ఊరికే మరికొందరితో పోట్లాడి త్రిపో చుట్టాలందరితోనూ మాటలు మానేశాడు. కొండల మీద నుంచి జెండా పట్టుకుని నూరుమందితో దిగుతున్న మగపెళ్ళివారికి ఎదురుగా ఆడపెళ్ళివారి తరఫున నిలబడేది అయిదుగురు. పెళ్ళికొడుకు పెదనాన్న మిలోనియా నోటికి హద్దు లేదు. అందరి ముందూ ఆయన ఏమంటాడో, కూతురు తోనీత్సా ఎక్కడ తల దించుకోవలసి వస్తుందోనని త్రిపోకు వారం రోజులుగా నిద్ర లేదు.

"ఒరేయ్, మన వెనక ఎవరో వస్తున్నార్రా," అంది లూత్సె.

రేవులో ఆగిన ఓడలోంచి దిగిన టూరిస్టులు. పసుపు గొడుగు వెనకే నడవమని వాళ్ళ గైడు చెప్పాడు. వాళ్ళు నడుస్తున్నారు.

"ఇది పెళ్ళి కేకండీ! మేం మా ఇంటికి పోతున్నాం!" అని త్రిపో అరిచాడు. అసలైన స్థానిక భాష చెవిన పడినందుకు వాళ్ళు సంతోషించి అతన్ని ఫొటో తీసుకున్నారు.

వదిలించుకుందామని అతను ఒక సందులోకి తిరిగాడు. వాళ్ళూ తిరిగారు. చర్చి చుట్టూ తిప్పితే అక్కడ ఇంకో గుంపు కలిసింది.

"చూశావట్రా, పక్కింటి మారె దుప్పట్లకి మరక ఇంకా పోలేదు," అంటూ లూత్సె పైన ఆరేసిన బట్టలకేసి వేలు చూపించింది. అందరూ తలలెత్తి ఆ దుప్పట్లను శ్రద్ధగా చూశారు. అవి ఏ శతాబ్దానివని ఒకాయన అడిగాడు.

"ఆ గొడుగు దించక్కా!"

"దించితే కేకు కారిపోదూ?"

ఇల్లు చేరేసరికి వాకిలి కిక్కిరిసిపోయింది. "గడప తొక్కినవాళ్ళని వట్టి నోటితో పంపుతామా?" అంటూ లూత్సె అందరికీ ద్రాక్షసారా పోసింది. అంతలో పాటలతో మగపెళ్ళివారు దిగారు. ముందు నడుస్తున్న మిలోనియా గుమ్మంలోనే ఆగి, తెరిచిన నోరు మూసుకున్నాడు.

"బావగారూ, వీళ్ళంతా మీవాళ్ళేనా?"

త్రిపో కూతురి మొహం చూశాడు. "మావాళ్ళేనండీ."

"ఆ జపానాయన?"

"మా ముత్తాతలు ఓడల మీద తిరిగినవాళ్ళు కదండీ."

మిలోనియా జనాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా కలయజూశాడు. "బాగానే తిరిగారు," అన్నాడు గౌరవంగా.

కాసేపటికి అసలు గైడు తన పసుపు గొడుగుతో సహా లబోదిబోమంటూ వచ్చాడు. అతన్నీ కూర్చోబెట్టి గ్లాసు ఇచ్చి, పినతండ్రి కొడుకని పరిచయం చేశారు. తోనీత్సా తలెత్తుకుని పుట్టింటి గడప దాటింది.

వెళ్తూ వెళ్తూ మిలోనియా అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. "వచ్చే ఆదివారం మా ఊళ్ళో విందు, బావగారూ. మీవాళ్ళలో ఒక్కరు తగ్గినా ఊరుకోను. గొర్రెలు కొయ్యమని చెప్పేశాను."

వాకిలి ఖాళీ అయ్యాక లూత్సె గ్లాసులు ఏరుతూ, "ఇప్పటికైనా వెళ్ళి మనవాళ్ళ కాళ్ళు పట్టుకోరా," అంది.

త్రిపో చాలాసేపు ఆలోచించాడు. తరవాత కోటు తొడుక్కుని రేవుకు వెళ్ళి, ఆ ఓడ ఆదివారానికి ఎక్కడుంటుందో కనుక్కున్నాడు.